మామగారి పేరుతో వచ్చిన ఉత్తరం

అక్‌ముజ్,
జనవరి 11

సయ్‌కాల్‌కు, అక్క బుర్మకాన్ దీవెన.

రెండు వారాలుగా నీ జాబు లేదు. మీ యూనివర్సిటీలో కంప్యూటర్లన్నీ ఆగిపోయాయని పక్కింటి గుల్‌బార్చిన్ చెప్పింది. వాళ్ళమ్మాయి నూర్జాదా అక్కడే రెండో ఏడు చదువుతోంది కదా. తల్లికి ఫోన్ చేసి, "మార్కులు కనబడటం లేదమ్మా, మెయిల్ తెరుచుకోవటం లేదు, మేష్టర్లు గోడకి కాగితాలు అంటిస్తున్నారు" అన్నదట. గుల్‌బార్చిన్ నన్ను నిలదీసింది. "మీ చెల్లెలు ఆ కంప్యూటర్లు చూసుకునేదే కదా వదినా, ఏం చేస్తున్నట్టు?"

"టీ తాగుతోందేమో" అన్నాను. నవ్వింది.

చలి సున్నాకు ముప్పై అయిదు కిందికి దిగింది. ఆవు ఈనింది, కోడెదూడ. చెవి కొస చలికి మాడిపోయింది. బతుకుతుంది.

నూర్జాదాను ఒకసారి ఇంటికి పిలిచి అన్నం పెట్టు. తండ్రి లేని పిల్ల. వేసవిలో ఎక్కడైనా పని చూసుకుంటానంటోందట.

ఫోన్లో నువ్వు "బాగున్నానక్కా" అంటావు. ఆ పక్కన మీ అత్తగారి దగ్గు వినబడుతుంది. జాబులో నిజం రాస్తావు. కాబట్టి జాబే రాయి. వ్యాను నడిపే సుయున్ చేతికిస్తే మూడో రోజుకు నాకు చేరుతుంది.

నమాజులో నీ పేరు మరవలేదు.

అక్క


బిష్‌కెక్,
జనవరి 20

అక్కా,

టీ కాదు, మంచినీళ్ళు తాగే తీరిక లేకపోయింది. పదమూడు రోజుల కింద కరెంటు పోయింది. మూడు గంటలు ఆదుకోవలసిన బ్యాటరీలు ఇరవై నిమిషాల్లో చచ్చాయి. సర్వర్ అలా ఉన్నపళంగా పడిపోయి లేవలేదు. పరీక్షల మార్కులు, హాస్టల్ పట్టీలు, మెయిల్, అన్నీ దాంట్లోనే. అందరికీ ఒకేసారి కబురు పంపే ఏర్పాటు ఒక్కటే వేరే చోట ఉండి బతికింది. పిల్లలు మా గది ముందు బారులు తీరారు. చరిత్ర మేష్టరొకాయన రోజుకు మూడుసార్లు వచ్చి, "నా మెయిల్ ఎప్పుడొస్తుంది?" అనేవాడు. మా విభాగం పెద్ద కాదిర్ అన్న ఓపిక పట్టీ పట్టీ చివరికి, "అది గుర్రం కాదు మేష్టారూ, ఈల వేస్తే రావటానికి" అన్నాడు. ఆ పది రోజుల్లో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఇప్పుడు నిజం రాస్తాను.

రెండో రోజు మధ్యాహ్నం నా సొంత మెయిల్‌కు మామగారి పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. మామగారు మా యూనివర్సిటీలో ఎంత పెద్ద హోదాలో ఉన్నారో నీకు తెలుసు. "మంత్రి గారి కార్యాలయంలో ఉన్నాను. విద్యార్థులందరికీ ఒక కబురు పంపాలి. అందరికీ ఒకేసారి మెయిల్ పంపే పాస్‌వర్డ్ ఇటు పంపు. సమావేశంలో ఉన్నాను, ఫోన్ చేయవద్దు." నాలుగు ముక్కలు. ఆయన మాట్లాడేదీ నాలుగు ముక్కలే.

మరెవరైనా అయితే ఫోన్ చేసి, "అయ్యా, ఇది పంపింది మీరేనా?" అని అడిగేవారు. మా గది గోడ మీద ఆ మాటే రాసి ఉంది, నా చేతిరాతతోనే. "పాస్‌వర్డ్ అడిగినవారు ఎంతటివారైనా సరే, ముందు వారి గొంతు వినండి." కానీ నేను ఆ ఇంటి కోడలిని. పదకొండేళ్ళలో ఆయన పేరు నా నోట రాలేదు. ఆయన చెప్పినదాన్ని రెండోసారి చెప్పించుకోలేదు. ఆయనకు వీపు చూపకుండా వెనక్కి నడిచి గది దాటుతాను. "ఇది మీరేనా" అని ఆయన్ను ఎలా అడగను? పంపేశాను.

నాలుగో రోజు భోజనాల దగ్గర టీ పోస్తున్నాను. మామగారు అత్తగారితో అంటున్నారు: "ఈ వారంలో ఒక్క మెయిల్ పంపి ఉంటే ఒట్టు. నాది నాకే తెరుచుకోలేదు." నా చేయి ఆగలేదు. గిన్నె అంచుదాకా నిండింది. అత్తగారు చూసి, "ఏమే, నిండా పోశావు? అతిథిని సాగనంపినట్టు లేచి వెళ్ళమంటున్నావా మీ మామని?" అంది. అందరూ నవ్వారు.

వెంటనే వెళ్ళి పాస్‌వర్డ్ మార్చేశాను. ఈ మధ్యలో ఆ దొంగ ఏం చేశాడో తెలియదు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో రాసుకునే చిట్టా కూడా సర్వర్‌తోనే పోయింది. కాదిర్ అన్నకు చెప్పనా? చెబితే ఆ ఉత్తరం జతపరిచి నివేదిక రాయాలి. మామగారి పేరు పదిమంది చేతుల్లో తిరుగుతుంది. ఆయన కుర్చీ కోసం కాచుకున్నవాళ్ళు ఉన్నారు. చెప్పకపోతే నాకు నిద్ర లేదు.

నువ్వు ఎలా అంటే అలా చేస్తాను. అమ్మ పోయినప్పటినుంచీ అంతే కదా.

సయ్‌కాల్


అక్‌ముజ్,
జనవరి 27

సయ్‌కాల్‌కు దీవెన.

నీ జాబు రెండుసార్లు చదివాను. కంప్యూటర్ సంగతి నాకు తెలియదు. తాళంచెవి పరాయి చేతిలో పడింది. నువ్వు తాళమే మార్చావు. ఇంట్లో ఏమీ పోయినట్టు కనబడటం లేదు. అలాంటప్పుడు పెద్దాయన గడ్డం పట్టుకుని బజారుకు ఈడ్వటం ఎందుకు?

ఊరుకో. అల్లా దాచినదాన్ని మనం విప్పకూడదు.

శుక్రవారం నూనె కాచి అమ్మ పేర, నాన్న పేర రొట్టెలు వేయించాను. వాసన పైనున్న వాళ్ళకు చేరే ఉంటుంది. నీ వాటా రొట్టెలు, దూడను చూడటానికి వచ్చిన పిల్లలు తినేశారు.

అక్క


బిష్‌కెక్,
ఫిబ్రవరి 9

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఊరుకున్నాను. ఊరుకోవటం ఒకసారి చేస్తే అయిపోతుందనుకున్నాను. రోజూ చేయాల్సి వస్తోంది.

తప్పంతా బ్యాటరీలదని తేల్చారు. వాటిని చూసుకోలేదని కాదిర్ అన్నకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఆయన బ్యాటరీలు కావాలని మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, "చూడు సయ్‌కాల్, పెళ్ళిపిలుపుల్లా ఎంత అందంగా రాశానో" అన్నాడు.

నిన్న ఆయన తెర మీద వేలు పెట్టి, "అందరికీ మెయిల్ పంపగలిగిన వాళ్ళలో ఒక కొత్త పేరుంది. నువ్వు తెరిచిందేనా?" అని అడిగాడు. అది నాది కాదక్కా. నా పాస్‌వర్డ్ చేతిలో ఉన్నప్పుడు వాడు తనకంటూ ఇంకో తలుపు చేసుకుని పోయాడు. నేను తాళం మార్చింది పాత తలుపుకు. ఆ మాట చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. "ఆ గొడవలో నేనే తెరిచి ఉంటాను, చూస్తాను" అన్నాను. అబద్ధం. ఆయన నమ్మాడు. నేనే తెరిచానన్నాక మూయటానికి కూడా కారణం చెప్పాలి కదా, అందుకని అలాగే వదిలేశాను.

ఇప్పుడైనా చెప్పేయనా? పొద్దున లేస్తే ఇదే. కూర తరుగుతుంటే ఇదే.

నూర్జాదా ఆదివారం వచ్చింది. రెండు పళ్ళేలు తిని, వద్దన్నా గిన్నెలన్నీ కడిగింది. "సముద్రం చూడాలని ఉంది పిన్నీ, మనకి ఇసిక్‌కుల్ సరస్సు ఉందనుకో, కానీ దానికి అవతలి ఒడ్డు కనిపిస్తుందిగా" అంది. మంచి పిల్ల.

త్వరగా రాయి.

సయ్‌కాల్


అక్‌ముజ్,
ఫిబ్రవరి 20

సయ్‌కాల్‌కు దీవెన.

ఒకే అనుమానం మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అది షైతాను గుసగుస. నమాజుకు ముందు చేతులు కడుక్కున్నానా లేదా అని పదిసార్లు కడుక్కునేవాళ్ళను చూశాను. నీదీ అదే జబ్బు. పడుకునే ముందు మూడుసార్లు శరణు చదివి, ఎడమ భుజం మీదుగా ఊదు. మామగారి సంగతి ఎత్తకు. కాదిర్‌కు ఉద్యోగం పోలేదు కదా, నోటీసే కదా.

ఒక మంచి కబురు. నూర్జాదాకు మీ యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చిందట. సముద్రం ఒడ్డున ఏదో పట్టణంలో పెద్ద హోటలుంది, అక్కడ నాలుగు నెలలు పని నేర్పుతారు, పిల్లను ఎంపిక చేశారు. పాస్‌పోర్టు బొమ్మ పంపమన్నారు, పంపింది. ఆ పిల్ల ఫోన్లో పంపిన ఉత్తరాన్ని గుల్‌బార్చిన్ కాగితం మీదికి ఎక్కించి తెచ్చి నాకు చూపించింది. "వదినా, నాకు భయంగా ఉంది. నమ్మొచ్చంటావా?" అని అడిగింది. చివర చిరునామా మీదే. "మా చెల్లెలు కాపలా ఉండే వాకిలి అది. దొంగసరుకు రాదు. పంపు" అన్నాను. ఊరి ఆడవాళ్ళకు ఖురాను చదివి వినిపించేదాన్ని, నా మాట నమ్మింది. పెట్టె కొనటానికి పట్నం వెళ్ళింది.

దూడకు మాడిన చెవి రాలిపోయింది. గంతులేస్తోంది.

అక్క

ఈ జాబు మడిచాక తెలిసింది. దోలోన్ కనుమలో మంచు విరిగిపడి దారి మూశారట. సుయున్ ఎప్పుడు కదులుతాడో తెలియదు.


బిష్‌కెక్,
మార్చి 6

అక్కా,

నీ ఇరవయ్యో తేదీ జాబు ఇవాళ పొద్దున పదింటికి అందింది. పదీ పదకొండు నిమిషాలకు నీకు ఫోన్ చేశాను. "నూర్జాదా వెళ్ళిందా?" అని అడిగాను. "మొన్ననే విమానం ఎక్కిందమ్మా, అల్లా దయ" అన్నావు. ఎంత సంతోషంగా అన్నావో. ఆ సంతోషం ముందు నిజం చెప్పలేక ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మేము ఎవరినీ ఏ హోటలుకూ ఎంపిక చేయలేదు. అలాంటి ఉత్తరం యూనివర్సిటీలో ఎవరూ రాయలేదు. అది ఆ రెండో తలుపులోంచి వెళ్ళింది.

హాస్టలుకు పరుగెత్తాను. మంచం మీద పరుపు చుట్టి ఉంది. గదిలో అమ్మాయి, "మా అందరికీ వచ్చింది పిన్నీ, నాకు మార్కులు తక్కువని నేను జవాబు రాయలేదు" అంది. అలా చెబుతూ ఏడ్చింది, తనకు అదృష్టం లేకపోయిందని.

నేరుగా కాదిర్ అన్న దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "ఆ పేరు నీదే అన్నావు కదమ్మా. నువ్వన్నావు కాబట్టే నేను దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు. వెంటనే ఆ తలుపు మూశాడు. నెల రోజులు ఆలస్యం.

గుల్‌బార్చిన్ వదినకు ఎవరు చెప్పాలి?

సయ్‌కాల్


అక్‌ముజ్,
మార్చి 10

సయ్‌కాల్,

నిన్న నూర్జాదా తల్లికి ఫోన్ చేసింది. అర నిమిషం. "బాగున్నాను, తిండి బాగుంది, మళ్ళీ చేస్తాను." గుల్‌బార్చిన్ నా దగ్గరికి వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. "రష్యన్‌లో మాట్లాడింది వదినా. పుట్టి బుద్ధెరిగి నాతో ఒక్క మాట రష్యన్‌లో మాట్లాడలేదు. పక్కన ఎవరో ఉండి వింటున్నారు" అంది. అప్పటికి నీ జాబు నాకు అందలేదు. "నెట్‌వర్క్ బాగోలేదేమో, పట్నం అలవాటేమో" అని ఏవో చెప్పి పంపాను.

సాయంత్రం సుయున్ నీ జాబు తెచ్చాడు.

నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ నీ నోరు నేను నొక్కాను. నీది భయం. నాది తెలియని విషయంలో తీర్పు చెప్పటం. ఈ రెంటిలో ఏది పెద్దదో నాకు తెలుసు.

షైతాను గుసగుస అన్నాను. అది నీ ఈమానే, నీ విశ్వాసమే.

నివేదిక రాయి. మీ మామగారి పేరు రాయి. నా పేరు కూడా రాయి, ఊరుకోమన్నది నేనని. పోలీసుల దగ్గరికి వెళ్ళు. ఇక నన్ను అడగకు.

గుల్‌బార్చిన్‌కు నేనే చెబుతాను. మధ్యాహ్నం నమాజు కాగానే వెళ్తాను.

బుర్మకాన్


బిష్‌కెక్,
మార్చి 15

అక్కా,

నివేదిక ఇచ్చాను. ముందు ఇంట్లో మామగారికి చూపించాను. ఆయన గది గుమ్మంలో నిలబడి, తల వంచి, "మీరు చదవాలి" అన్నాను. నేరుగా ఆయనతో నేనన్న మొదటి మాటలేమో. చదివారు. మొదటి పుటలోనే ఉంది ఆయన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, నా చేతిరాతలో. కలం తీశారు. కొట్టేస్తారనుకున్నాను. "తేదీ తప్పు. ఆ రోజు మంగళవారం" అని దిద్ది, కింద సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆ తరువాత నాతో గానీ ఇంకెవరితో గానీ మాట్లాడలేదు.

అత్తగారు మాట్లాడింది. "మామ పేరు ఊరంతా చదివించావు కదే. ఇక నా వంటింట్లో నీకేం పని?" అంది. నా చేతి టీ ముట్టటం లేదు. మా ఆయన రెండువైపులా చూస్తాడు, చెప్పులేసుకుని బయటికి పోతాడు.

పోలీసు అధికారి కాగితాలు తీసుకున్నాడు. "అమ్మాయి ఇష్టపడి వెళ్ళింది, పాస్‌పోర్టుతో వెళ్ళింది, ఫోన్‌లో బాగున్నానంది. ఇందులో నన్నేం పట్టుకోమంటారు?" అన్నాడు. కాదిర్ అన్న బల్ల గుద్దాడు. అప్పుడు విదేశాంగ శాఖకు రాస్తానన్నాడు. హోటలు పేరు వెతికాం. ఆ పట్టణంలో అలాంటి హోటలు లేదు.

ఆ ఉత్తరం హాస్టల్లో ఉండే ఆడపిల్లలందరికీ వెళ్ళింది. నలభై మూడు మంది జవాబు రాశారు. నలుగురు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు "అది మోసం, కదలకండి" అని మెయిల్ పంపాం. అక్కా, ఎవరూ నమ్మటం లేదు. మొదటి ఉత్తరమూ ఇదే చిరునామా నుంచి వచ్చింది, ఇదీ ఇక్కడినుంచే వచ్చింది. "ఇదే మోసం, మా అదృష్టం చెడగొట్టటానికి ఎవరో రాశారు" అని ఒక అమ్మాయి తిరిగి రాసింది. ఫోన్లు చేస్తే కొత్త నంబరని ఎత్తటం లేదు. ఒక తండ్రి ఎత్తాడు, నన్నే దొంగ అన్నాడు. ప్రయాణానికి సిద్ధమవటానికని సగంమంది ఊళ్ళకు వెళ్ళిపోయారు.

వెళ్ళకుండా మిగిలిన ముప్పై తొమ్మిది మందిలో ఏడుగురు మన లోయ పిల్లలు. పేర్లు, ఊళ్ళు వెనక రాశాను. నువ్వు అడగవద్దన్నావు. నేను అడగటం లేదు. పేర్లు పంపుతున్నాను, అంతే.

సయ్‌కాల్


అక్‌ముజ్,
మార్చి 23

సయ్‌కాల్‌కు దీవెన.

గుల్‌బార్చిన్‌కు ఆ రోజే చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె ఊలు ఏకుతోంది. చేతులు ఆగలేదు. అంతా విన్నాక, "జనవరిలో నీకు తెలుసు" అంది. "పిల్లకు ఉత్తరం వస్తుందని తెలియదు. తాళంచెవి పోయిందని తెలుసు" అన్నాను. "ఊరుకోమన్నావు." "ఔను." "నన్ను పంపమన్నావు." "ఔను." లేచి తలుపు తెరిచి పట్టుకుంది. బయటికి వచ్చేశాను. కొత్తేడు పండగ నౌరూజు నాడు ఊరంతా కలిసి గోధుమ అంబలి కాచారు. ఆమె రాలేదు. నేను గిన్నె తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాను. మర్నాటికీ అక్కడే గడ్డకట్టి ఉంది.

నీ పేర్ల పట్టీ పందొమ్మిదిన అందింది. నడిచి వెళ్ళగలిగిన ఊళ్ళకు నడిచాను, మిగతా చోట్లకు సుయున్ తీసుకెళ్ళాడు. మొదటి ఇంట్లో నన్ను లోపలికి పిలిచి రొట్టె పెట్టి, చెప్పిందంతా విని, "మీ పక్కింటి అమ్మాయికి మీరే మంచిదని చెప్పారటగా" అన్నారు. కబురు నాకంటే ముందు చేరింది. రెండో ఇంట్లో తల్లి విన్నది, పిల్ల వినలేదు. "పెద్దమ్మా, నీకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు?" అంది. "ఏమీ తెలియదు, తల్లీ" అన్నాను. "మరి?" అంది. ఆ పిల్ల ప్రయాణం ఇరవై అయిదున అనుకున్నారు.

ఇంటికి వచ్చి నమాజుకు నిలబడ్డాను. చదవవలసిన మాటలు గుర్తున్నాయి, అడగవలసింది నోటికి రాలేదు.

నిన్న పొద్దున సుయున్ వ్యాను వాకిట్లో ఆగేసరికి గుల్‌బార్చిన్ అందులో కూర్చుని ఉంది. తలకు కొత్త రుమాలు కట్టుకుంది. ఒళ్ళో నూర్జాదా బడి ఫోటో.

"ఎక్కు" అంది.

"నువ్వెందుకు, చలి" అన్నాను.

"నీ మాట ఎవరు నమ్ముతారు? ఒకసారి నమ్మమని చెప్పినదానివి. నేను చెబితే నమ్ముతారు."

మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం. నేను పక్కన కూర్చున్నాను. ఆమె ఏమీ వివరించలేదు. ఫోటో బల్ల మీద పెట్టి, "నా కూతురు. మీ పిల్లకు వచ్చిన ఉత్తరమే వచ్చింది. వెళ్ళింది. నాతో రష్యన్‌లో మాట్లాడింది" అని చెప్పి, లేచేది. "పెద్దమ్మా, నీకేం తెలుసు" అన్న పిల్ల ఆ ఫోటోను చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి తల్లి చేతికిచ్చింది. అయిదిళ్ళు అయ్యాయి. కాజిబెక్‌లోనూ ఆ పైన బోస్‌గో దారిలోనూ రెండు మిగిలాయి. రేపు వెళ్తాం.

దారిలో ఆమె నాతో మాట్లాడదు. దిగేటప్పుడు మాత్రం మంచు మీద జారకుండా నా మోచెయ్యి పట్టుకుంది. దిగగానే వదిలేసింది.

నూర్జాదా ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తటం లేదు. గుల్‌బార్చిన్ ప్రతి ఇంటి ముందూ ఒకసారి చేసి చూసి, అప్పుడు తలుపు తడుతుంది.

మిగతా ముప్పై రెండు మందివీ పేర్లు, ఊళ్ళు పంపు. లోయ బయటివైనా సరే.

బుర్మకాన్